మాట అందించడం

ఎదుటివాళ్ళు మాట వెతుక్కుంటూ ఉంటే చూస్తూ ఊరుకోవడం ఏడో తరగతి టీచరుకు చేతకాదు. బరువు మోసుకొచ్చేవాళ్ళకు ఎదురెళ్ళి చెయ్యి వేసినట్టు, నసిగేవాళ్ళకు ఎదురెళ్ళి మాట వేస్తుంది. సగం మాట పెదవి దాటితే చాలు, మిగతా సగం ఆవిడే లాగి ఒడ్డున పడేస్తుంది. తోటి టీచర్లు దీన్ని చొరవ అంటారు. ఇంట్లో మొగుడు దీన్ని ఏమంటాడో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆయన ఆ వాక్యం ఇంతవరకూ పూర్తి చేయలేదు.

మంచి మనిషే, అందులో అనుమానం లేదు. పిల్లలకు మాట్లాడటం నేర్పడంలో ఆ బడిలో ఆవిడ తర్వాతే ఎవరైనా. ఎలా నిలబడాలి, చూపు ఎక్కడ నిలపాలి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, అన్నిటికీ ఆవిడ దగ్గర లెక్క ఉంది. "చెప్పదలుచుకున్నది మూడు ముక్కల్లో చెప్పండి. నాలుగోది వినేవాళ్ళకు గుర్తుండదు" అనేది ఆవిడ సూత్రం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్న పట్టుదల ఆవిడది. ఆ మూడు కాళ్ళ కుందేళ్ళే వక్తృత్వ పోటీల్లో పరుగెత్తి స్టాఫ్ రూం బీరువా నిండా కప్పులు తెచ్చిపెట్టాయి మరి.

ఆ బుధవారం ఉదయం హెడ్మాస్టరు గదిలో ఆవిడ ఇద్దరు పిల్లల మధ్య నిలబడి ఉంది. కుడిపక్కన లాయరు. అంటే పన్నెండేళ్ళ కుర్రాడే, వాదనలో ఎవరూ గెలవలేరని క్లాసువాళ్ళు పెట్టిన పేరది. ఎడంపక్కన కామా. మాటకూ మాటకూ మధ్య ఆగి ఆగి మాట్లాడుతుందని ఆ పిల్లకు ఆ పేరు. నోట్లో నాలుక లేని పిల్ల. ఏడో తరగతివాళ్ళు వంతులవారీగా రోజూ ఉదయం మైకులో వార్తలు చదువుతారు గాని, కామా ఒక్కరోజు కూడా చదవలేదు. చదివేవాళ్ళ కోసం మైకు సెట్టు వేసి, సాయంత్రం ఆపి, గదికి తాళం వేయడం ఆ పిల్ల పని. తాళంచెవి ఎర్రదారానికి కట్టి మెళ్ళో వేసుకునేది. ఏ తరగతిలో స్పీకరు గరగరమంటోందో వరండాలో నడుస్తూనే పసిగట్టేది.

ఆ ఉదయం సెట్టు పలకలేదు. గది నిండా కాలిన కంపు. "రాత్రంతా నడుస్తూనే ఉంది సార్, కాలిపోయింది" అని అటెండరు తేల్చేశాడు.

"నువ్వు చెప్పు" అన్నాడు హెడ్మాస్టరు లాయరుతో. "నిన్న సాయంత్రం ఆ గదిలో సాధన చేసింది నువ్వేగా?"

లాయరు పాదాలు సరిచేసుకున్నాడు. చేతులు పక్కకు వదిలాడు. ఒక్క ఊపిరి తీసుకున్నాడు. "మూడు విషయాలు సార్. ఒకటి, తాళంచెవి ఎప్పుడూ ఆ అమ్మాయి దగ్గరే ఉంటుంది. రెండు, సాయంత్రం స్విచ్చి ఆపడం ఆ అమ్మాయి బాధ్యత. మూడు, నేను గదిలోంచి బయటికి వచ్చేటప్పటికి సెట్టు నడుస్తూనే ఉంది."

ఎక్కడా తడబాటు లేదు. చూపు హెడ్మాస్టరు కళ్ళమీంచి కదల్లేదు. ఇది విచారణ అన్న సంగతి కూడా మర్చిపోయి టీచరు మనసులోనే పదికి పది వేసేసింది.

"ఇంక నువ్వేమంటావమ్మా?"

కామా దారం పట్టుకుంది. "సార్... నేను... స్విచ్చి..."

గడియారం ముల్లు కదులుతోంది. హెడ్మాస్టరు కనుబొమలు ముడిపడుతున్నాయి. పిల్ల మెడ మీద చెమట పట్టింది. టీచరు ఇంక ఆగలేకపోయింది.

"ఆపడం మర్చిపోయావు. ఇంటికెళ్ళే తొందర. అంతేగా తల్లీ? భయపడకు."

కామా టీచరు ముఖంలోకి చూసింది. పెదాలు బిగించింది. తర్వాత మెల్లగా తల ఊపింది.

"ఆ సెట్టు... లోపల..." అని మళ్ళీ మొదలుపెట్టింది.

"కాలిపోయిందని బెంగపడుతోంది సార్, పసిది. తప్పు ఒప్పుకుంది కదా, ఈసారికి వదిలేయండి" అంది టీచరు.

"మౌనం అర్ధాంగీకారం అంటారు. ఈ పిల్ల తల కూడా ఊపింది కాబట్టి మిగతా అర్ధం కూడా అయిపోయింది" అన్నాడు హెడ్మాస్టరు. తాళంచెవి తీసుకుని సొరుగులో పడేశాడు. "శనివారం కాండక్ట్ సర్టిఫికెట్ల మీద సంతకాలు పెడుతున్నాను. 'నిర్లక్ష్యంతో పాఠశాల వస్తువును పాడుచేసింది' అని ఒక వాక్యం రాయక తప్పదు. బడి అంతటికీ తెలిసిన సంగతి నేను దాస్తే రేపు నన్ను అడుగుతారు."

ఆ బడి ఏడో తరగతితో సరి. ఆ పైన చదువుకు పిల్లలు తలో దారిన పోతారు. కామాకు కావలసింది వర్క్‌షాపు ఉన్న పెద్ద బడి. తీగలూ మోటార్లూ విప్పి బిగించడం నేర్పే బడి ఆ చుట్టుపక్కల అదొక్కటే. వాళ్ళు మార్కులకన్నా ముందు చూసేది కాండక్ట్ సర్టిఫికెట్టే. పనిముట్లు చేతికిచ్చే చోట "నిర్లక్ష్యం" అన్న ఒక్క మాట చాలు, తలుపు మూసుకోవడానికి.

టీచరు బతిమాలింది. మూడు ముక్కల్లో బతిమాలింది. హెడ్మాస్టరు కూడా ఒకప్పుడు ఆవిడ పద్ధతిని మెచ్చుకున్నవాడే, అయినా వినలేదు.

మర్నాడు గురువారం. ఈ ఏడు కొత్తగా వినడానికి కూడా ఇరవై మార్కులు పెట్టమని పైనుంచి కాగితం వచ్చి నెలైంది. "వినడం నేర్పేదేముంది, దేవుడు చెవులిచ్చాడుగా" అని టీచరు ఆ కాగితాన్ని రిజిస్టరు కింద పెట్టి ఊరుకుంది. పరీక్షలు నెత్తిమీదికి వచ్చాయి గనక ఇంక తప్పలేదు. బెంచీలు ఇద్దరిద్దరికి ఎదురెదురుగా తిప్పించి, బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది: చెప్పేవాళ్ళు చాలు అనేదాకా వినేవాళ్ళు నోరు తెరవకూడదు.

"ఒకరు మీ ఇంటి సంగతి ఏదైనా రెండు నిమిషాలు చెప్పండి. రెండోవాళ్ళు విని, లేచి నిలబడి అదే తిరిగి చెప్పాలి. సరిగ్గా చెప్పారనిపిస్తే మొదటివాళ్ళు బొటనవేలు ఎత్తండి. అప్పుడే మార్కు."

క్లాసు ఒక్కసారిగా గోల గోల అయిపోయింది. మొదటి జంటలో ఒకడు తమ కుక్క తప్పిపోయి దొరికిన సంగతి చెప్పాడు. రెండోవాడు లేచి, తనను చిన్నప్పుడు కుక్క కరిచిన సంగతి ఇంజెక్షన్లతో సహా వర్ణించాడు.

"ఒరేయ్, వాడు చెప్పింది చెప్పమంటే నీ కథ చెప్తావేంట్రా?"

"వాడు చెప్తుంటే నాది గుర్తొచ్చింది టీచర్."

"మరి వాడిది?"

"నాది గుర్తొచ్చాక వాడిది వినిపించలేదు టీచర్."

టీచరుకు నవ్వొచ్చింది. నలుగురైదుగురిదీ అదే తంతు. ఇలాగైతే ఇరవైకి రెండు మార్కులు కూడా రావని ఆవిడ అనుకుంటూండగా వెనక బెంచీ నుంచి ఒక కేక వినిపించింది.

"అయిపోయింది టీచర్! అందరికంటే త్వరగా మాదే!"

ఆ కేక చిలకది. ఆ పిల్ల నోరు ఊరుకోదు. చిలకకు ఎదురుగా కూర్చున్నది కామా. రెండు నిమిషాలు ఇస్తే అర నిమిషంలో ముగించారు.

చిలక లేచి గడగడా అప్పజెప్పింది. "వాళ్ళమ్మ పొద్దున్నే లేచి పనికెళ్తుంది టీచర్. సాయంత్రానికి అలిసిపోయి వస్తుంది. ఈ అమ్మాయే తలుపు తీసి మంచినీళ్ళిస్తుంది. అంతే టీచర్."

కామా బొటనవేలు ఎత్తింది.

మార్కు వేయబోయిన టీచరు కలం ఆగింది. కామా వాళ్ళమ్మ పనిచేసేది ఆసుపత్రి లాండ్రీలో, రాత్రి షిఫ్టు. ఉదయం ఎనిమిదింటికి డ్యూటీ దిగి నేరుగా బడి గేటు దగ్గరికి వచ్చి, నానిపోయిన వేళ్ళతో పిల్ల జడ సరిచేసి ఇంటికెళ్ళి పడుకుంటుంది. టీచరు ఆవిడతో ఎన్నోసార్లు మాట్లాడింది.

"మీ అమ్మకు రాత్రి డ్యూటీ కదమ్మా?"

"అవును టీచర్."

"మరి పొద్దున్నే లేచి పనికెళ్తుందని ఇది చెప్తే వేలెత్తావేం?"

టీచరు నాలుక చివర అప్పటికే మూడు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. మొహమాటమా, చిలక అంటే భయమా, వినిపించలేదా. ఒకటి అందించబోయింది. బోర్డు మీద తన చేత్తో తాను రాసిన అక్షరాలు ఎదురుగా ఉన్నాయి. నలభై మంది పిల్లలు బోర్డునూ, ఆవిడ నోటినీ మార్చి మార్చి చూస్తున్నారు. తెరిచిన నోరు మూసుకోక తప్పలేదు.

చాలాసేపైంది. ఎవరో దగ్గారు. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంది.

"కాదంటే..." అంది కామా. "మళ్ళీ... మొదట్నించీ చెప్పాలి టీచర్. అవునంటే... అయిపోతుంది."

క్లాసంతా ఫక్కున నవ్వింది. కామా కూడా కొంచెం నవ్వింది. టీచరు మాత్రం నవ్వలేదు. కలం మూత పెట్టి బల్ల మీద ఉంచి, కుర్చీలో కూర్చుంది. నిన్న హెడ్మాస్టరు గదిలో ఈ పిల్ల నోటినుంచి వచ్చినవి నిండా పది మాటలు లేవు. మర్చిపోయావు అన్న మాట ఎవరిది? ఇంటికెళ్ళే తొందర ఎవరు చెప్పారు? నేరమంతా వాక్యం కట్టి, పిల్ల నోటికి అందించి, పైగా భయపడకు తల్లీ అని ధైర్యం కూడా చెప్పింది తనే. పదిహేడేళ్ళ ఉద్యోగంలో ఆవిడకు అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే కామాను వెంటబెట్టుకుని మైకు గది ముందున్న బెంచీ మీద కూర్చుంది. తలుపుకు తాళం వేలాడుతోంది.

"మంగళవారం సాయంత్రం ఏం జరిగింది? చెప్పు. నేను మాట్లాడను."

మాట్లాడకుండా ఉండటం అంత కష్టమని ఆవిడకు ఆరోజే తెలిసింది. కామా ఒక మాట అని ఆగితే టీచరు గొంతులో పది మాటలు లేచి తోసుకునేవి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. పెదవి కొరుక్కుంది. ఎదురుగా గోడ మీద సున్నం పెచ్చులు లెక్కపెట్టింది. అటుగా వెళ్తున్న లెక్కల టీచరు ఆగి "పన్నునొప్పా?" అని అడిగి పోయింది.

మెల్లమెల్లగా సంగతంతా బయటికి వచ్చింది. మంగళవారం సాయంత్రం కామా స్విచ్చి ఆపడానికే వెళ్ళింది. లోపల లాయరు ఇంకా సాధన చేస్తున్నాడు. పోటీ పదిరోజుల్లో ఉంది. ఇంకో రెండుసార్లు చదువుకుంటాను, నేనే ఆపేసి తాళం కప్ప నొక్కేసి వెళ్తాను, నువ్వెళ్ళు అన్నాడు. వాన పడి వెలిసింది అప్పుడే. అతని రెయిన్‌కోటు ఆరబెట్టడానికి సెట్టు మీద పరిచి ఉంది. మర్నాడు ఉదయం కామా తాళం తీసేసరికి ఆ కోటు సెట్టు మీద కరిగి అతుక్కుని ఉంది. వెనకాలే పరుగెత్తుకొచ్చిన లాయరు దాన్ని ఊడబీకి సంచిలో కుక్కుకున్నాడు.

"అతను... అబద్ధం చెప్పలేదు టీచర్" అంది కామా. "మూడూ... నిజాలే."

టీచరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిల్లను దగ్గరికి లాక్కుంది.

"ఇంకొకటి... టీచర్... ఆ సెట్టు..."

"చాలు నా తల్లీ, చాలు. నాకంతా అర్థమైంది" అని లేచి, చీర కుచ్చిళ్ళు ఒడిసిపట్టుకుని ఆఫీసు వైపు దాదాపు పరుగెత్తింది. హెడ్మాస్టరు మీటింగుకు వెళ్ళాడు, రేపటిగ్గాని రాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మొగుడు కిటికీ పక్క బల్ల మీద ఎవరిదో చేతిగడియారం విప్పి కూర్చున్నాడు. గడియారాలు బాగుచేయడం ఆయన పని.

"ఆ కుర్చీ..." అన్నాడు తలెత్తకుండా.

నెలరోజులుగా ఆయన ఈ మాట ఎత్తడం, "తుడిచాను, నిన్ననే తుడిచాను" అని ఆవిడ అనడం, ఆయన "ఊఁ" అని ఊరుకోవడం మామూలే. ఈసారి ఆవిడ ఊరుకుంది. కాసేపటికి ఆయన భూతద్దం తీసి భయంగా చూశాడు.

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. కుర్చీ అన్నారు."

"ఆఁ... కుర్చీ కాస్త ఇటు జరుపుకుంటే నీ పేపర్ల మీద వెలుగు పడుతుంది. కళ్ళు చికిలించి దిద్దుతున్నావని... చెబుదామనుకుంటున్నా" అని ఆయన మళ్ళీ భూతద్దం పెట్టుకున్నాడు.

టీచరు కుర్చీ ఇటు జరుపుకుని కూర్చుంది. ఆయన చెప్పింది నిజమే, వెలుగు బాగా పడుతోంది.

శుక్రవారం ఉదయం హెడ్మాస్టరు కుర్చీలో సర్దుకోకముందే ఆవిడ ఎదురుగా నిలబడింది.

"సార్, ఆ సెట్టు విషయంలో ఆ పిల్ల..."

"ఒప్పుకుంది కదండీ, ఇంక దాన్ని..."

"ఒప్పుకున్నది నేను సార్."

హెడ్మాస్టరు కళ్ళజోడు సవరించుకున్నాడు. టీచరు దాపరికం లేకుండా చెప్పింది. మాట అందించింది తనేనని, అవునంటే త్వరగా అయిపోతుందని ఆ పిల్ల తల ఊపిందని, జరిగింది వేరని. ఆయన గోరుతో బల్ల మీద కొట్టుకుంటూ విన్నాడు, లేదా విన్నట్టు కూర్చున్నాడు.

"టీచరుగారూ, బుధవారం ఒక మాట, శుక్రవారం ఒక మాట. రెండూ మీ నోటినుంచే వచ్చాయి. ఆ పిల్ల మాట నేను ఇంకా వినలేదు. రేపు ఇద్దర్నీ తీసుకురండి. ఆ పిల్లే చెప్పాలి. మీరు గదిలో ఉండండి గాని నోరు తెరవకూడదు. ఒక్క మాట అందించినా ఆ వాక్యం సర్టిఫికెట్లో ఉంటుంది."

ఆవిడ సరేనంది.

మధ్యాహ్నం లాయరును పిలిచింది. వాడు మామూలుగానే నిటారుగా వచ్చి నిలబడ్డాడు.

"బుధవారం చాలా బాగా మాట్లాడావు" అంది. "మూడూ నిజాలే. నాలుగోది కూడా ఉందటగా?"

వాడి ముఖం రంగు మారింది. చూపు మొదటిసారి నేలకు దిగింది.

"మూడే చెప్పమన్నారుగా టీచర్" అన్నాడు చాలా చిన్న గొంతుతో. "నాలుగోది ఎవరికీ గుర్తుండదన్నారుగా."

చెంప మీద కొట్టినా ఆవిడకు అంత నొప్పి పుట్టేది కాదు. పోటీ గురించి, సర్టిఫికెట్ గురించి వాడి భయం వాడిది. గదమాయించి చెప్పించడం ఆవిడకు ఎంతసేపు? కావాలంటే వాక్యం కూడా కట్టి ఇవ్వగలదు. అదే వద్దనుకుంది.

"రేపు పదిగంటలకు హెడ్మాస్టరు గదికి రా. నీకు చెప్పాలనిపించింది చెప్పు" అని పంపేసింది.

శనివారం పదింటికి హెడ్మాస్టరు బల్ల మీద సర్టిఫికెట్ల దొంతర ఉంది. పైన ఉన్నది కామాది. ఆ ఒక్క వాక్యం రాయడానికి వదిలిన ఖాళీ కనిపిస్తూనే ఉంది. కలం మూత తీసి ఉంది. అటెండరు గుమ్మం దగ్గర, లాయరు కిటికీ దగ్గర, టీచరు బీరువాకు ఆనుకుని నిలబడ్డారు. ఆవిడ హ్యాండ్‌బ్యాగు పట్టీని తాడులా మెలిపెడుతోంది.

"చెప్పమ్మా" అన్నాడు హెడ్మాస్టరు.

"మంగళవారం... సాయంత్రం సార్... స్విచ్చి ఆపడానికి... వెళ్ళాను. అప్పుడు..."

గడియారం ముల్లు కదిలింది.

"అప్పుడెవరో పిలిచారు, నువ్వు వెళ్ళిపోయావు" అన్నాడు హెడ్మాస్టరు.

టీచరు బీరువా తలుపు పట్టుకుంది. కామా అలవాటు ప్రకారం టీచరు వైపు చూసింది. అటునుంచి మాట రాలేదు. ఆవిడ రెండు పెదవులూ లోపలికి మడుచుకుని ఉన్నాయి. ఇంకొక్క క్షణంలో ఆ తల ఊగిపోతుందని, పిల్ల చదువు దాంతోపాటు పోతుందని టీచరుకు తెలుసు. అయినా నోరు తెరవలేదు.

"కాదు సార్" అంది కామా.

తన నోటినుంచి వచ్చిన ఆ మాటకు ఆ పిల్లే ఉలిక్కిపడింది. కాస్త తేరుకుని, "మళ్ళీ... మొదట్నించీ చెప్తాను" అంది.

మొదట్నించీ మొదలుపెట్టింది. మంగళవారం, సాయంత్రం, స్విచ్చి. సగం దాకా వచ్చేసరికి హెడ్మాస్టరు, "సరే సరే, లోపల ఇతనున్నాడు, తాళంచెవి ఇతనికిచ్చేశావు" అన్నాడు.

"కాదు సార్. మొదట్నించీ చెప్తాను."

అటెండరు నవ్వాపుకోలేక వరండాలోకి తిరిగాడు. మూడోసారి మంగళవారం సాయంత్రం దగ్గర మొదలయ్యేసరికి హెడ్మాస్టరుకు తత్త్వం బోధపడింది. కలానికి మూత పెట్టి, చేతులు కట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు. ఈసారి ఎక్కడా ఆటంకం లేదు. ఆగిన చోట ఆగుతూ, తన దారిన తను నడుస్తూ పిల్ల సంగతంతా చెప్పింది. సెట్టు మీద కరిగిన రెయిన్‌కోటు దాకా వచ్చి, అది ఎవరిదో చెప్పకుండా ఆగిపోయింది.

కిటికీ దగ్గరనుంచి లాయరు ముందుకొచ్చాడు. పాదాలు సరిచేసుకోలేదు, ఊపిరి తీసుకోలేదు.

"నాలుగోది ఉంది సార్. ఆ కోటు నాది. నేనే ఆపుతానన్నాను. బస్సు వచ్చేసిందని తాళం నొక్కేసి పరిగెత్తాను. స్విచ్చి ఆపలేదు." అంతే చెప్పి ఏడుపు మొదలుపెట్టాడు.

హెడ్మాస్టరు నిట్టూర్చి, దొంతరలోంచి లాయరు సర్టిఫికెట్ వెతికి తీశాడు. "వస్తువు పాడైంది. ఎవరో ఒకరి పేరు మీద రాయాలిగా" అంటూ కలం మూత మళ్ళీ తీశాడు. టీచరు ఒక అడుగు ముందుకు వేసి, ఆయన పెట్టిన షరతు గుర్తొచ్చి ఆగిపోయింది. లాయరు చెవులు కందిపోయాయి.

"సార్... ఇంకొకటి" అంది కామా.

కలం గాల్లో ఆగింది. "చెప్పు" అన్నాడు హెడ్మాస్టరు, చెప్పి ఊరుకున్నాడు.

"సెట్టు... పాడవలేదు సార్. కాలింది... కోటు. వాసన... దానిదే. సెట్టులో... ఫ్యూజు పోయింది. బుధవారం పొద్దున... వెనకాల బిరడా విప్పి చూశాను. గాజు గొట్టంలో... తీగ తెగి ఉంది. వేరేది వేస్తే... పలుకుతుంది."

అటెండరు తన డబ్బాలో గాజు ఫ్యూజులు ఉన్నాయని గొణిగి, తెచ్చాడు. హెడ్మాస్టరు సొరుగులోంచి తాళంచెవి తీసుకున్నాక అందరూ కట్టగట్టుకుని మైకు గదికి వెళ్ళారు. కామా సెట్టు వెనక్కి వంగి, చిటికెనవేలంత గొట్టాన్ని తీసి, కొత్తది దూర్చి, బిరడా తిప్పింది. మీద అతుక్కున్న నీలిరంగు ప్లాస్టిక్ ముక్కను గోటితో గీకి పడేసింది. స్విచ్చి వేసింది. ఎర్రదీపం వెలిగింది. మైకు మీద వేలితో తడితే వరండా పొడుగునా స్పీకర్లు టక్కుమన్నాయి. నాలుగు రోజులుగా మూగబోయిన బడి ఒక్కసారి ఉలిక్కిపడినట్టయింది.

హెడ్మాస్టరు చేతిలో ఇంకా రెండు సర్టిఫికెట్లూ ఉన్నాయి. రాయడానికి ఏ వాక్యమూ మిగల్లేదు. గోడకు ఆనించి రెండింటి మీదా సంతకం గీకేశాడు.

"ఇంతేనా!" అన్నాడు. "కొత్త సెట్టు కావాలని పైకి ఉత్తరం కూడా రాసేశాను. ఈ ముక్క బుధవారమే ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పాను సార్" అంది కామా. కాస్త ఆగింది. "సగం దాకా."

హెడ్మాస్టరు టీచరు వైపు తిరిగాడు.

"మిగతా సగం నేను చెప్పేశాను సార్" అంది టీచరు. "తప్పు చెప్పాను. నిన్న కాదు మొన్న కూడా ఆ పిల్ల నాకు ఈ ఫ్యూజు సంగతి చెప్పబోతే చాలు తల్లీ అని లేచి పరిగెత్తాను. నన్ను క్షమించు" అని చివరి మాట పిల్లతో అంది.

హెడ్మాస్టరు జేబులోంచి ఎర్రదారం తీసి, తాళంచెవి కామా చేతిలో పెట్టాడు. ఆ పిల్ల దాన్ని మెళ్ళో వేసుకుంది గాని కదల్లేదు. ఇంకా ఏదో చెప్పడానికన్నట్టు టీచరు ముఖంలోకి చూస్తూ, పెదవి తెరిచి నిలబడింది. టీచరూ, హెడ్మాస్టరూ, లాయరూ ముగ్గురూ నోరు మూసుకుని నిలబడ్డారు.